సరమ అడిగిన ప్రశ్న



కొత్తగా ఇంటికి తెచ్చుకున్న కుక్క ఇంట్లోనే మూత్రం పోస్తుంటే ఏం చేయాలి? ఈ పూట నేను మాట్లాడబోయేది దాని గురించే. రేడియోలో చెప్పుకునేంత విషయమా అని కొందరికి అనిపించవచ్చు. కానీ ముచ్చటపడి తెచ్చుకున్న కుక్కను నెల తిరక్కుండానే "మావల్ల కాదండీ" అని వెనక్కి ఇచ్చేసేవాళ్ల నోట తరచూ వినిపించే కారణం ఇదే. ఓపికతో సరిదిద్దుకోగల పనికి ఒక మూగజీవి గూడు పోగొట్టుకోకూడదు. అందుకే మా ఇంటి అనుభవం మీ ముందు పెడుతున్నాను.

రెండేళ్ల కిందట శ్రావణ మాసంలో ఒక షెల్టరు నుంచి మల్లిని తెచ్చుకున్నాం. లేత గోధుమరంగు దేశవాళీ కుక్క, ఆడది. వయసు రెండేళ్లుంటుందన్నారు. ఎడమ చెవి కొసన చిన్న కోత ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, రేబిస్ టీకా వేసిన వీధికుక్కకు పెట్టే గుర్తు అది. మాది విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటు. లిఫ్టు ఎక్కినప్పుడే వణికిపోయింది. గుమ్మం దాటి హాలు మధ్యకు వచ్చి, చుట్టూ చూసి, నిలబడ్డ చోటే మూత్రం పోసేసింది. నేను "ఏయ్!" అని గట్టిగా అరిచాను.

ఆ ఒక్క అరుపు మమ్మల్ని మూడు వారాలు వెంటాడింది.

మర్నాటి నుంచి మల్లి మా కళ్ల ముందు ఆ పని చేయడం మానేసింది. సోఫా వెనక, మంచం కింద, కర్టెన్ చాటున చేసేది. పట్టీ కట్టి కిందకు తీసుకెళ్లి గంటసేపు తిప్పినా ఒక్క చుక్క పోసేది కాదు. ఇంటికొచ్చి నేను వంటింట్లోకి తిరిగానో లేదో, గది మూల తడిసి ఉండేది. "దీనికి పొగరు, కావాలనే చేస్తోంది" అన్నారు ఇంట్లోవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను.

పశువుల డాక్టరుగారు మా మాటలన్నీ విని ఒకటే అడిగారు. "మొదటిరోజు అరిచారా అమ్మా?" అరిచానన్నాను. "అయితే అది నేర్చుకున్నది ఒక్కటే. ఈమె చూస్తుండగా మూత్రం పోస్తే ప్రమాదం అని. బయట పట్టీ పట్టుకుని పక్కనే నిలబడేది కూడా మీరేగా! ఇక అక్కడెలా పోస్తుంది?" అన్నారు. కుక్కకు గచ్చు తప్పు, మట్టి ఒప్పు అని నేను చెప్పలేదు. నన్ను చూసి దాక్కోమని మాత్రం చెప్పాను.

ఆ రాత్రి నాకు నన్నయగారి భారతం గుర్తొచ్చింది. ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్క కథ ఉంటుంది. జనమేజయ మహారాజు యాగం చేస్తున్న చోటికి సారమేయుడనే కుక్కపిల్ల వస్తుంది. రాజు తమ్ముళ్లు దాన్ని కొడతారు. అది ఏడుస్తూ వెళ్లి తల్లి సరమతో చెప్పుకుంటుంది. సరమ నేరుగా రాజు దగ్గరకు వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. యుక్తాయుక్త విచారం లేకుండా సాధువులను బాధపెట్టేవారికి ఊహించని భయాలు వస్తాయని హెచ్చరించి వెళుతుంది. ఎన్నో సార్లు విన్న కథ. కానీ సరమ ప్రశ్న నన్నే అడిగినట్టు అనిపించింది ఆ రాత్రే. ఇల్లంటే ఏమిటో ఎవరూ చెప్పని ప్రాణికి, అది ఇల్లని తెలియకపోవడం తప్పు ఎలా అవుతుంది?

"తప్పు చేసినట్టు ముఖం పెడుతుందండీ, దానికి తెలుసు" అంటారు చాలామంది. చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి, చూపు తిప్పుకునే ఆ ముఖం నేనూ చూశాను. న్యూయార్క్‌లోని బార్నార్డ్ కాలేజీలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రవేత్త ఆ ముఖాన్నే పరీక్షించి, 2009లో ఫలితాలు ప్రచురించారు. తినవద్దన్న పదార్థాన్ని కుక్క తిన్నదా లేదా అన్న దానికీ, ఆ ముఖానికీ సంబంధం కనిపించలేదు. యజమాని తిట్టినప్పుడే ఆ ముఖం వచ్చింది. ఏమీ తినకుండానే తిట్లు తిన్న కుక్కల్లో అది మరింతగా కనిపించింది. అంటే అది పశ్చాత్తాపం కాదు, మన గొంతుకు భయం. పొద్దున పోసిన మూత్రానికి సాయంత్రం ముక్కు రుద్ది కొడితే, ఆ దెబ్బ దేనికో దానికి అర్థమే కాదు. చేసిన పనికీ దాని ఫలితానికీ మధ్య కొన్ని సెకన్లు దాటితే కుక్క ఆ రెండింటినీ కలుపుకోలేదు.

మరి ఏం చేయాలి?

మొదటి పని డాక్టరుకు చూపించడం. కుక్కకు ఆరోగ్యం బాగాలేకపోతే ఎంత నేర్పినా ఫలితం ఉండదు. మాటిమాటికీ వెళ్లి కొంచెం కొంచెం పోస్తుంటే, ముక్కుతుంటే, మూత్రంలో ఎర్రజీర కనిపిస్తే మూత్రనాళంలో ఇన్ఫెక్షనో, రాళ్లో ఉండవచ్చు. ఆడకుక్కల్లో ఈ ఇన్ఫెక్షను ఎక్కువ. నీళ్లు విపరీతంగా తాగి, విపరీతంగా పోస్తుంటే షుగరు, కిడ్నీ జబ్బు వంటివి చూడాలి. ఆపరేషను కాని ఆడకుక్క అయితే గర్భసంచిలో చీము పట్టడమూ కారణం కావచ్చు. ఆరోగ్యంగా ఉన్న కుక్క బరువులో కిలోకు రోజుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు తాగుతుంది. ఎండాకాలం ఇంకాస్త పెరుగుతుంది. కిలోకు 100 దాటుతోందంటే డాక్టరుకు చెప్పాల్సిందే. మల్లి 15 కిలోలు. గిన్నెలో కొలిచి పోసి చూస్తే రోజుకు లీటరు లోపే తాగుతోంది. కొన్ని మందులు, ముఖ్యంగా స్టెరాయిడ్లు, మూత్రాన్ని పెంచుతాయి. ఆపరేషను అయిన ఆడకుక్కల్లో కొన్నింటికి నిద్రలో తెలియకుండానే కారిపోతుంది. లేచాక పడుకున్న చోటు తడిసి ఉంటే అది జబ్బే. దానికి మందులున్నాయి. మరొకటి బాగా గుర్తుంచుకోండి. కుక్క ముక్కుతూ ఉండి, చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగకండి. అది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు పొద్దున్నే పోసిన మూత్రాన్ని శుభ్రమైన డబ్బాలో పట్టి, వీలైనంత త్వరగా తీసుకెళ్లండి. పట్టేటప్పుడు చేతికి గ్లౌజులు వేసుకోండి. లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు మూత్రం ద్వారా మనుషులకూ సోకుతుంది. వానాకాలంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. దానికి కుక్కలకు టీకా ఉంది.

మల్లికి జబ్బేమీ లేదని తేలింది. అప్పుడు డాక్టరుగారు చెప్పిన రెండో పని, రాసుకోవడం. మా వంటింట్లో పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరు ఉంది. మల్లి ఇంట్లో మూత్రం పోసినప్పుడల్లా ఆ రోజు గడిలో ఎర్ర గీత గీసి, పక్కన వేళ రాయడం మొదలుపెట్టాను. నాలుగో రోజున మా అత్తయ్యగారు క్యాలెండరు దగ్గర నిలబడి చూసి, "అమ్మాయ్, అది పోసినప్పుడే రాస్తున్నావు. మనం దాని మీద అరిచినప్పుడు కూడా ఓ గీత గియ్యి" అన్నారు. దానికి నీలం పెన్ను తీసుకున్నాను.

వారం తిరిగేసరికి ఆ గీతలు నాతో మాట్లాడాయి. పొద్దున నిద్ర లేవగానే, తిన్న పావుగంటకో అరగంటకో, ఆడుకుని అలసిపోయాక, కాలింగ్ బెల్లు మోగినప్పుడు ఎర్ర గీతలు ఎక్కువ. ఇక నీలం గీత పడిన రోజుకు మర్నాడు ఎర్ర గీతలు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగాయి.

ఇంట్లో మూత్రం పోసే కుక్కలన్నీ ఒకే కారణంతో పోయవు. కారణాన్ని బట్టి మందు మారుతుంది. మొదటిది తెలియకపోవడం. ఇది అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. రెండోది భయం. మనం మీదికి వంగినా, గొంతు పెంచినా, తల మీద చెయ్యి పెట్టబోయినా ఒళ్లు ముడుచుకుని, ఒక్కోసారి వెల్లకిలా పడి కాస్త పోసేస్తుంది. "నేను నీకన్నా చిన్నదాన్ని, ఏమీ అనకు" అని కుక్కల భాషలో చెప్పుకోవడం అది. అలాంటిదాన్ని తిడితే ఇంకా పోస్తుంది. పక్కకు తిరిగి కింద కూర్చుని, దాన్నే మన దగ్గరకు రానివ్వాలి. మూడోది సంతోషం. పిల్లలు బడి నుంచి రాగానే ఎగిరి గంతేస్తూ నాలుగు చుక్కలు కార్చే కుక్కపిల్లలుంటాయి. వచ్చిన రెండు నిమిషాలు దాన్ని పలకరించకుండా, అది కుదుటపడ్డాక పలకరిస్తే చాలు. పెరిగేకొద్దీ అదే తగ్గిపోతుంది. నాలుగోది గుర్తు పెట్టడం. కాలెత్తి, గోడ మూలకో, తలుపు అంచుకో, చుట్టాలు తెచ్చిన సంచీకో కొంచెమే పోస్తుంది. మగకుక్కల్లో ఇది ఎక్కువ. ఆపరేషను చేయిస్తే చాలావరకు తగ్గుతుంది. ఐదోది ఒంటరితనం. మనం తాళం వేసి వెళ్లినప్పుడే ఏడ్చి, తలుపు గీకి, మూత్రం పోస్తోందంటే అది మనసులోని దిగులు. దాన్ని పోగొట్టాలంటే, రెండు నిమిషాలతో మొదలుపెట్టి ఒంటరిగా ఉండడాన్ని మెల్లగా అలవాటు చేయాలి.

ఇక శుభ్రం చేయడం. మనలో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. గచ్చు తడవగానే బకెట్లో ఫినాయిల్ కలిపి తుడిచేస్తాం. మన ముక్కుకు వాసన పోతుంది. కుక్క ముక్కుకు పోదు. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు సుమారు 60 లక్షలైతే, కుక్క ముక్కులో 20 కోట్లకు పైనే ఉంటాయి. దానికి ఫినాయిల్ వాసన పైన, మూత్రం వాసన కింద, రెండూ విడివిడిగా తెలుస్తాయి. వాసన ఉన్నచోటు తన మూత్రశాలే అనుకుంటుంది. పైగా పాదాలకు అంటిన ఫినాయిల్‌ను నాకితే దాని ఒంటికి మంచిది కాదు. బ్లీచింగ్ పౌడరు అసలే వద్దు. మూత్రంలోని యూరియా కాసేపటికి అమ్మోనియాగా మారుతుంది. దాని మీద బ్లీచింగ్ పడితే ఊపిరితిత్తులకు హాని చేసే పొగలు వస్తాయి. అమ్మోనియా ఉండే క్లీనర్లు కూడా వాడకండి. వాటి వాసన మూత్రాన్నే గుర్తు చేస్తుంది.

ముందు పాత గుడ్డతోనో, పేపరుతోనో అద్ది పీల్చేయండి. రుద్దితే ఇంకా పరుచుకుంటుంది. తర్వాత మామూలు నీళ్లతో కడగండి. ఆ తర్వాత పెంపుడు జంతువుల సామాన్ల షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ చల్లండి. అది వాసనను కప్పదు, వాసన పుట్టించే పదార్థాన్నే విరగ్గొడుతుంది. దానికి వ్యవధి కావాలి. చల్లిన వెంటనే తుడిచేయకుండా పది పదిహేను నిమిషాలు వదిలేయండి. అది దొరకనిచోట వెనిగర్ నీళ్లు కలిపి వాడతారు. కానీ మీ ఇంట్లో తాండూరు బండలు, కడప బండలు, మార్బుల్ ఉంటే వెనిగర్ పోయకండి. అవన్నీ సున్నపురాతి జాతి. పులుపు తగిలితే మెరుపు పోయి మచ్చ పడుతుంది. పరుపు తడిస్తే అద్ది, ఎంజైమ్ క్లీనర్ వేసి, ఆరాక వంటసోడా చల్లి దులపండి. కాళ్లు తుడుచుకునే పట్టాలను కొన్నాళ్లు తీసేయండి. మెత్తగా, నీళ్లు పీల్చేలా ఉన్నదంతా దానికి గడ్డిలాగే తోస్తుంది.

ఇక నేర్పడం. కుక్క చోటును గుర్తుపట్టేది పేరుతో కాదు, పాదం కింది స్పర్శతో, వాసనతో. మల్లి షెల్టరులో నెలల తరబడి సిమెంటు గచ్చు మీదే పోసింది. దానికి మట్టి కొత్త, గచ్చు పాత. మా హాలు దానికి పాత చోటులాగే అనిపించింది. అందుకని దాని మూత్రం తుడిచిన గుడ్డను తీసుకెళ్లి మా అపార్టుమెంటు వెనక వేపచెట్టు కింద మట్టిలో అద్దాను. రోజూ తిన్నగా ఆ చెట్టు దగ్గరకే తీసుకెళ్లేదాన్ని. పొడవాటి తాడు కట్టి, దూరంగా, దాని వైపు చూడకుండా పక్కకు తిరిగి నిలబడేదాన్ని. నేను చూడకపోతేనే దానికి ధైర్యం.

ఆరో రోజు పొద్దున అక్కడ పోసింది. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం చెప్పలేను. అది ముగించగానే, ఇంటికొచ్చాక కాదు, అక్కడికక్కడే, మూడు సెకన్లలోపు, "భేష్ మల్లీ" అని ఉడికిన కోడిగుడ్డు ముక్క పెట్టాను. మరొక మాట. పని కాగానే వెంటనే ఇంటికి లాక్కురాకండి. పోస్తే షికారు ఆగిపోతుందని నేర్చుకుంటే, షికారు కోసం ఆపుకుంటుంది. పని అయ్యాకే అసలు షికారు మొదలవ్వాలి. పోస్తున్నప్పుడు మెల్లగా "ఒంటేలు" అనేదాన్ని. నెలకల్లా ఆ మాట అంటే చాలు, పని చూసుకునేది.

వేళలు చెబుతాను, రాసుకోండి. నిద్ర లేవగానే ఒకసారి. తిన్న తర్వాత ప్రతిసారీ. ఆడుకున్నాక. పగటి నిద్ర లేచాక. రాత్రి పడుకునేముందు. ఎదిగిన కుక్కకు రోజుకు నాలుగైదు సార్లు తక్కువ కాకూడదు. పగలు ఆరేడు గంటలకు మించి ఆపుకోమనడం న్యాయం కాదు. కుక్కపిల్ల అయితే వయసు నెలలకు ఒకటి కలపండి. రెండు నెలల పిల్ల మహా అయితే మూడు గంటలు ఆగుతుంది. కొత్తచోట ఇంకా తక్కువ. ఇంట్లో పోస్తోందని నీళ్లు మాత్రం తగ్గించకండి. విజయవాడ ఎండల్లో అది కుక్క ప్రాణానికే ముప్పు.

ఇంట్లో ఉన్నంతసేపు మొదటి రెండు మూడు వారాలు ఇల్లంతా తిరగనివ్వకుండా, మీరున్న గదిలోనే కళ్ల ముందు ఉంచుకోండి. గచ్చు వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతుంటే, ఉన్నట్టుండి ఆట ఆపి మూలకు వెళుతుంటే, వేళ అయిందని అర్థం. పోస్తూ కనిపిస్తే అరవకండి. "పద పద" అని హుషారుగా పిలిచి బయటకు తీసుకెళ్లండి. అయిపోయాక చూస్తే నోరు మెదపకండి, తుడుచుకోండి, అంతే. పేపరు మీద నేర్పితే తేలిక కదా అని అడుగుతారు. కిందకు దిగలేని వృద్ధులకు, టీకాలు పూర్తికాని కుక్కపిల్లలకు బాల్కనీలో మట్టి పోసిన ట్రే మంచిది. పేపరు నేర్పితే, పొద్దున గుమ్మంలో పడే పేపరుకూ దానికీ తేడా తర్వాత మళ్లీ నేర్పాల్సి వస్తుంది.

వెనకబాటు కూడా ఉంటుంది. జోరువానకు మల్లి బయట అడుగు పెట్టేది కాదు. పార్కింగు చూరు కింద గొడుగు పట్టుకుని నిలబడ్డాను. దీపావళి టపాసుల వారం మళ్లీ మంచం కింద తడిసింది. అలాంటప్పుడు మొదటికొచ్చిందని దిగులు పడకుండా, మళ్లీ మొదటి వారం పద్ధతినే నాలుగు రోజులు పాటిస్తే చాలు.

అత్తయ్యగారి సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. ఆమె మడికట్టుకుని పూజ చేసుకునే మనిషి. వచ్చిన మూడో రోజు మల్లి సరిగ్గా దేవుడి గది గడప మీదే పోసింది. ఇక దీన్ని పంపేయమంటారని నేను బిక్కచచ్చిపోయాను. ఆమె గడప కడిగి, పసుపు రాసి, దేవుడి గదికి అడ్డంగా చిన్న గేటు పెట్టించమన్నారు. ఆనక నా పక్కన కూర్చుని, "మీ ఆయనకి పక్క తడపడం మాన్పించడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఒక్క దెబ్బ వెయ్యలేదు. ఇది వచ్చి మూడు రోజులేనే" అన్నారు. పుస్తకాల్లో చదివినదానికన్నా, డాక్టరు చెప్పినదానికన్నా నన్ను మార్చింది ఆ మాటే.

ఆ ఏడాది క్యాలెండరును నేను పారేయలేదు. మొదటి వారం గడులు ఎరుపూ నీలమూ కలిసి గజిబిజిగా ఉంటాయి. తొమ్మిదో రోజున చివరి నీలం గీత. ఇరవై నాలుగో రోజున, టపాసుల వారాన్ని వదిలేస్తే, చివరి ఎర్ర గీత. ఎర్ర గీతలు మల్లివి. నీలం గీతలు నావి. ముందు ఆగాల్సింది నావేనని తెలుసుకోవడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. మీకు అన్ని రోజులు పట్టకూడదనే ఈ నాలుగు మాటలూ చెప్పాను.

ఇప్పుడు తెల్లవారుజామున ఐదింటికి మల్లి వచ్చి నా అరచేతిని ముక్కుతో తాకుతుంది. లేచి తాడు తీసుకుంటాను. వేపచెట్టు కింద ఇప్పుడు నేను దాని వైపు చూస్తూనే నిలబడతాను. అది నా వైపు చూస్తూనే పోస్తుంది.